ఇటుకల శిల్పం

శిల్పం అంటే మనకు యాగంటి నంది గుర్తుకొస్తుంది. కళ్లు, కొమ్ములు ఉలితో చెక్కి ఉంటాయి. మరి చెక్కకుండా శిల్పం అవుతుందా?

అమెరికాలో కార్ల్ ఆండ్రీ అనే శిల్పి ఉండేవాడు. ఆయన కొన్నేళ్లు రైల్వేలో బ్రేక్‌మన్‌గా పనిచేశాడు. 1966లో 120 ఇటుకలు తెచ్చి నేల మీద పేర్చాడు. వరుసకు 10 ఇటుకలు, అట్లా 6 వరుసలు. దాని మీద అట్లాంటిదే ఇంకో పొర. సిమెంటు లేదు, సున్నం లేదు. అంతే!

లండన్‌లోని టేట్ మ్యూజియం దాన్ని 1972లో కొన్నది. 1976లో పత్రికలు ఎగతాళి చేశాయి. వట్టి ఇటుకలకు డబ్బులా అని జనం మండిపడ్డారు. ఒకాయన దాని మీద నీలం రంగు చల్లాడు.

ఇట్లాంటి కళను మినిమలిజం అంటారు. ఇందులో దేవుడి బొమ్మ, మనిషి బొమ్మ ఉండవు. చదరం, పెట్టె వంటి ఆకారాలే ఉంటాయి. ఇటుకను ఇటుకగానే చూడాలి.

ఓర్వకల్లులో ఇటుకలు మోసే అక్కకు ఇది కొత్త కాదు. ఇటుక బరువు ఆమె తలకు తెలుసు. వరుస వంకర పోతే ఆమె కంటికే ముందు తెలుస్తుంది. ఆ చూపుకూ విలువ ఉంది.

లెక్క చేయండి: ఒక పొరలో ఎన్ని ఇటుకలు? రెండు పొరల్లో ఎన్ని?

రేపటి నుంచి మీరు మోసిన ఇటుకల లెక్క మీరే రాసుకోండి.