సూది ముందు, పంచాయితీ తర్వాత

సమస్య:

డాక్టరమ్మగారూ, నాకు 25 ఏళ్లు. తొలి కాన్పు, ఇప్పుడు ఐదో నెల. మా పీహెచ్‌సీలో రక్తం తీస్తే వీడీఆర్‌ఎల్ పాజిటివ్, 1:16 అని వచ్చింది. సిస్టరమ్మ పక్కకు పిలిచి, "మీ ఆయన్ని కూడా తీసుకురా" అంది. నాకు పుండు లేదు, నొప్పి లేదు. ఆయనకు చెబితే "నాకేం లేదు, నీకెక్కడ అంటిందో నువ్వే చెప్పు" అన్నారు. మర్నాడు మందుల షాపు నుంచి అజిత్రోమైసిన్ బిళ్లలు తెచ్చి, ఇవి మింగు, మళ్లీ ఆస్పత్రికి వెళ్లొద్దన్నారు. బస్టాండు మరుగుదొడ్లలో అంటుకుంటుందా? ఇది ఎయిడ్సా? బిడ్డకేమైనా అవుతుందా? అత్తయ్యకు తెలిస్తే ఏమంటుందోనని భయంగా ఉంది.

- ఒక సోదరి, ప్రకాశం జిల్లా

సలహా:

అమ్మా, మీరు చిరునామా రాయలేదు. రాసి ఉంటే ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా ఉత్తరమే వేసేదాన్ని. చదివిన రోజే ఆస్పత్రికి వెళ్లండి.

మీ రిపోర్టు చెబుతున్నది సిఫిలిస్ గురించి. పెద్దవాళ్లు సవాయి అనేవారు. మొదట వచ్చే పుండు సాధారణంగా నొప్పి పుట్టదు. ఆడవాళ్లకు లోపలెక్కడో వచ్చి, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. మందు పడకపోతే క్రిమి మాత్రం ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉంటుంది, మాయ దాటి బిడ్డనూ చేరుతుంది. గర్భం పోవచ్చు, బిడ్డ జబ్బుతో పుట్టవచ్చు. అయితే ఐదో నెలలోనే బయటపడింది. ఇప్పుడు సరైన వైద్యం అందితే చాలావరకు పిల్లలు క్షేమంగా పుడతారు.

ఆ బిళ్లలు పక్కన పెట్టండి. వాటితో బిడ్డకు రక్షణ ఉంటుందన్న భరోసా లేదు. గర్భిణికి దీనికి మందు పెన్సిలినే. బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదుకు వేస్తారు. ఎప్పుడు సోకిందో తెలియనప్పుడు వారానికొకటి చొప్పున మూడు. మధ్యలో ఆలస్యమైతే మళ్లీ మొదటికొస్తుంది. నొప్పిగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. పెన్సిలిన్ ఎప్పుడైనా పడలేదంటే ముందే చెప్పండి. మొదటి సూది పడిన రోజు చలిజ్వరం రావచ్చు; కడుపు బిగిసినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

గర్భంతో ఉన్నప్పుడు వీడీఆర్‌ఎల్ ఒక్కోసారి తప్పుగానూ పాజిటివ్ చూపుతుంది. అందుకే టీపీహెచ్‌ఏ పరీక్షతో ఖాయం చేసుకుంటారు. కానీ 1:16 కొట్టిపారేసే అంకె కాదు. ఆ రిపోర్టు కోసమని సూది వాయిదా వేసుకోకండి.

ఇది ఎయిడ్స్ కాదు. హెచ్‌ఐవీ పరీక్ష వేరే ఉంటుంది, చేశారో లేదో అడగండి. మరుగుదొడ్లతో అంటదు.

ఇక ఎవరి నుంచి ఎవరికి అన్నది ఆ కాగితం చెప్పదు. నిరుడు సోకిందా, పెళ్లికి ముందా అన్నదీ చెప్పదు. మీ ఆయన "నాకేం లేదు" అనే మాట పరీక్ష చేయించుకున్నాక అంటే వింటాను. ఆయనకు ఉండి, వైద్యం చేయించుకోకపోతే మీకు మళ్లీ సోకుతుంది. ఇద్దరికీ వైద్యం పూర్తయ్యేదాకా కలవకండి. ప్రభుత్వ పెద్దాస్పత్రుల్లో ఉండే సురక్ష క్లినిక్‌లు ఇందుకే. డబ్బు తీసుకోరు, సంగతి గుట్టుగా ఉంచుతారు.

అత్తయ్యగారు అడిగితే, రక్తంలో ఇన్ఫెక్షన్ ఉంది, బిడ్డ కోసం మూడు సూదులు అనండి. అందులో అబద్ధమేం లేదు. కాన్పుకు పుట్టింటికి వెళ్తే సూదులు వేసిన తేదీలున్న కార్డు వెంట ఉండాలి. అక్కడి డాక్టరుకు అది చూపిస్తేనే పుట్టగానే బిడ్డకు రక్తపరీక్ష చేస్తారు.