ఆకు చెప్పిన పాఠం

రాయదుర్గం అనంతపురం జిల్లాలోని వర్షాభావ ప్రాంతం. అక్కడ దశభుజ గణపతి ఆలయం ప్రసిద్ధమైనది. వినాయక చవితినాడు తెలుగువారు గణపతిని 21 పత్రులతో అర్చిస్తారు. వాటిలో మొదటిది మాచిపత్రి. అది ఆర్టిమీసియా ప్రజాతికి చెందినది. అదే ప్రజాతికి చెందిన 'చింగ్‌హావ్' అనే మొక్క చైనాలో వైద్యచరిత్రను మార్చింది.

ఆ మార్పునకు మూలపురుషుడు కాదు, మూలమహిళ తూ యూయూ. ఆమె 1955లో బీజింగ్‌లో ఔషధశాస్త్ర విద్యను ముగించింది. అనంతరం 1959 నుండి 1962 వరకు చైనా సంప్రదాయ వైద్యాన్ని అభ్యసించింది. ఈ రెండు విద్యల కలయికయే ఆమె బలం. 1969లో మలేరియా మందును అన్వేషించే బాధ్యత ఆమెకు లభించింది. ఆమె బృందం ప్రాచీన గ్రంథాలను, వృద్ధవైద్యుల అనుభవాలను శోధించి దాదాపు 2000 యోగాలను సేకరించింది. చింగ్‌హావ్ సారం ఒకమారు ఫలించేది, మరొకమారు విఫలమయ్యేది. అప్పుడు నాలుగవ శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ గ్రంథంలోని ఒక సూచన ఆమెను ఆలోచింపజేసింది. ఆయన ఆకును కాచమనలేదు. నీటిలో నానబెట్టి పిండి, ఆ రసం త్రాగమన్నాడు. వేడికి గుణం నశిస్తున్నదని గ్రహించిన ఆమె, తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఈథర్‌తో సారాన్ని తీసింది. 1971లో ఆ ప్రయోగం జంతువులపై సఫలమైంది. రోగులకు ఇచ్చే ముందు, 1972లో ఆమె, సహచరులు తామే ఆ మందును సేవించి పరీక్షించుకొన్నారు. ఆర్టిమిసినిన్ ఆవిష్కరణకు 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

పోషణ విషయంలో ఇటువంటి కృషి చేసిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి బలిగొనడం చూశాడు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి అమెరికా చేరాడు. 1941లో పాలకూర నుండి వేరుచేయబడిన ఫోలిక్ ఆమ్లాన్ని, 1945లో ఆయన నేతృత్వంలోని బృందం కృత్రిమంగా తయారుచేసింది. ఆ పేరుకు మూలమైన లాటిన్ పదానికి అర్థం 'ఆకు'. ఒక రకమైన రక్తహీనతకు, స్ప్రూ వ్యాధికి అది ఔషధమైంది.

అయితే బంధుత్వమున్నంత మాత్రాన మాచిపత్రి కషాయం మలేరియాను కుదర్చజాలదు. చింగ్‌హావ్ కషాయాన్ని సైతం ప్రపంచ ఆరోగ్యసంస్థ చికిత్సగా అంగీకరించలేదు. జ్వరపీడితునికి రక్తపరీక్ష, సరియైన మోతాదు అవసరం. పూర్వుల మాటను గౌరవించడమంటే దానిని పరీక్షకు నిలపడమే.

కఠిన పదాలు
యోగం = మందుల కూర్పు
అర్చించు = పూజించు

ప్రశ్నలు
1. గె హాంగ్ సూచన తూ యూయూకు ఎట్లు ఉపకరించింది?
2. సంప్రదాయ వైద్యానికి పరీక్ష ఏల అవసరమో వివరింపుము.