కిలిమంజారో యాత్రకు జూబ్లీహిల్స్ నడక చాలునా?

ప్రశ్న: నిత్యము కె.బి.ఆర్. పార్కులో నడచుచున్నాను. కిలిమంజారో శిఖరమునకు 5 దినముల మరంగు మార్గపు యాత్ర చాలునా? – పాఠకుడు, ఫిల్మ్‌నగర్

జవాబు: చాలదు. ఫిల్మ్‌నగర్ ఎగుడుదారులలో బరువైన సంచితో ఎక్కి దిగుటవలన కాళ్లకు దార్ఢ్యము చేకూరును గాని, సముద్రమట్టమునకు ఇంచుమించు 540 మీటర్ల ఎత్తుననున్న మన నగరములో, 5,895 మీటర్ల శిఖరముపైని పలుచని గాలికి దేహమును అలవరచుట అసాధ్యము. 2014లో 13 ఏండ్ల ప్రాయమున ఎవరెస్టు నధిరోహించిన మన మాలావత్ పూర్ణ సైతము భువనగిరి గుట్టతో తృప్తి చెందక, డార్జిలింగ్, లడఖ్ పర్వతములలో సాధన చేసిన పిమ్మటనే అటు సాగినది. 3,000 మీటర్లు దాటిన పిదప శయనస్థానపు ఎత్తు దినమునకు 500 మీటర్లకు మించి పెరుగరాదన్న వైద్యనియమమును ఈ కొండపై సంపూర్ణముగా పాటించుట కష్టము గనుకనే, 8 దినముల లెమోషో మార్గమును ఎన్నుకొనుడని నా దృఢమైన సలహా. తలనొప్పితో వాంతులు గాని, తూలుడు గాని కలిగినచో, శిఖరమెంత చేరువనున్నను, తక్షణమే దిగిరండు.