ఇవాళ ఏం కూర?

ప్రశ్నలు – జవాబులు

ఊళ్ళో పిట్టగోడ మీదుగా అడిగే మాట ఇది. ‘బాగున్నారా’ కన్నా ఒక మెట్టు చనువెక్కువ. ఇక్కడ కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో పిట్టగోడలు లేవు, మనిషెత్తు చెక్క కంచెలున్నాయి. అందుకని ఆ మాట ఫోన్లోకి చేరింది. సాయంత్రం ఆరు దాటితే చాలు, డోహర్టీ వ్యాలీ నుంచి బిషప్ రాంచ్ దాకా మనవాళ్ళ ఫోన్లలో గిన్నెల ఫొటోలే. ఈసారి వచ్చిన ఉత్తరాలు కూడా రాత్రి వంట చుట్టూనే తిరిగాయి.

ప్ర: మా వీధి ఆడవాళ్ళం పన్నెండుమందిమి వాట్సాప్‌లో రోజూ రాత్రి ఏం వండామో చెప్పుకుంటాం. ఒకావిడ పళ్ళెంలో అయిదు రకాలకు తగ్గవు. నేను ఆఫీసు అయ్యాక బాబుని ఈత క్లాసు నుంచి తెచ్చుకునేసరికి ఏడవుతుంది. మా ఇంట్లో చారు, ఆమ్లెట్. ఫొటో పెట్టాలంటే సిగ్గేస్తోంది. గ్రూపులోంచి వెళ్ళిపోనా?
– చారు ఇల్లాలు, శాన్ రామన్

జ: వెళ్ళకండి, చారు ఫొటో పెట్టండి. పళ్ళెం ఫొటోలో ఫ్రిజ్ కనపడదు తల్లీ. ఆ అయిదింటిలో రెండు ఆదివారం నాటివి, ఒకటి సీసాలోంచి తీసిన పచ్చడి అయ్యుంటాయి. నేనూ అలా పెట్టినదాన్నే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మీ చారు చూస్తే ఆ రాత్రి ఇంకో నలుగురు ‘హమ్మయ్య’ అనుకుంటారు.

ఫొటో కింద ఒక్క వాక్యం రాయండి: ఎంతసేపు పట్టింది, ఏం చెడింది. ‘ఇరవై నిమిషాలు, ఉప్పు ఎక్కువైంది’ అని మీరు రాస్తే రేపు ఇంకొకరు నిజం చెబుతారు. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభలో ‘ప్రమదావనం’ శీర్షికని దశాబ్దాలపాటు నడిపారు. అంతకాలం ఉత్తరాలు రావడానికి కారణం వంటలొక్కటే అయ్యుండదు. తన ఇబ్బందిలాంటిదే ఇంకో ఇంట్లోనూ ఉందని చదువుకోవడంలో ఒక ఊరట ఉంది.

ఇక పని తగ్గే చిట్కా. ఇన్‌స్టంట్ పాట్‌లో అడుగున పప్పు, పైన ముక్కాలిపీట మీద బియ్యం గిన్నె పెడితే రెండూ ఒకేసారి అవుతాయి. చింతపండు రసం మాత్రం పప్పు మెత్తబడ్డాకే పొయ్యండి. పులుపు ముందే తగిలితే కందిపప్పు ఎంతసేపటికీ బద్దగానే ఉంటుంది.

ప్ర: మా ఆవిడ నర్సు, రాత్రి డ్యూటీలు. వారంలో నాలుగు రోజులు వంట నాదే. నేను వండానని చెబితే మా బంధువులంతా ‘అయ్యో పాపం’ అంటున్నారు. ఏమని జవాబివ్వాలి?
– వంటవాడు

జ: నలుడు వండితే నలపాకం, భీముడు వండితే భీమపాకం, మీరు వండితే పాపమా? మన పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర వెయ్యిమందికి గరిట తిప్పేది ఎవరో వాళ్ళనే గుర్తు చేసుకోమనండి. ఈసారి ‘పాపం’ అన్నవాళ్ళని ఇంటికి పిలిచి గుత్తివంకాయ పెట్టండి. నోరు కట్టుబడిపోతుంది.

ప్ర: గోంగూర కోసం ప్రాణం కొట్టుకుంటోంది. ఇండియన్ స్టోరులో దొరికిన రోజు దొరుకుతుంది, లేని రోజు లేదు. పాలకూరలో చింతపండు కలిపి చేస్తే మా ఆయన మొహం చిట్లించారు. దారేది?
– గుంటూరు ఆడపడుచు, విండెమియర్

జ: మీవారి తప్పేం లేదు. అది పుల్లటి పాలకూర, అంతే.

గోంగూర మీ పెరట్లోనే వస్తుంది. మన వేసవి ఎండ దానికి సరిగ్గా సరిపోతుంది. ఏప్రిల్ చివర, మట్టి వెచ్చబడ్డాక పెద్ద కుండీలో గింజలు చల్లండి. ఇక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా వానన్నది దాదాపు ఉండదు కాబట్టి నీళ్ళు మీ బాధ్యత. మొక్క మోకాలెత్తు రాగానే తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. పొద్దు కురచ అయ్యే కొద్దీ ఆకు మాని పూతకు దిగుతుంది, మంచు పడితే పోతుంది. ఈలోగా మిగిలిన ఆకుని కాస్త నూనెలో మగ్గబెట్టి, ఒక పూటకి సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెట్టుకోండి. నాలుగు కాయలు కొమ్మ మీదే ఎండనిస్తే వచ్చే ఏడాదికి విత్తనం కొనక్కర్లేదు.

గోంగూర లేని నెలల్లో మనసు మార్చుకోవాలి. అమెరికా తెలుగు వంటిళ్ళు ఎప్పుడో మార్చుకున్నాయి. థాంక్స్‌గివింగ్ ముందు బజారు నిండా వచ్చే క్రాన్‌బెర్రీ మన నాలుకకి కొత్త చుట్టం కాదు: ఎరుపు, పులుపు, వెనకాల చిన్న వగరు. పచ్చిమిర్చితో కలిపి నూనెలో మూత పెట్టి మగ్గిస్తే టపటపా పేలతాయి. ఉడికిన పప్పులో వేసి మెదిపి, వెల్లుల్లి పోపు పెట్టండి. పచ్చడి చేస్తే వేయించిన మెంతిపిండి, ఆవపిండి పడాలి, నూనె తేలాలి. ఉత్త కాయల్ని సంచీతో పాటే ఫ్రీజర్లో పడేస్తే నెలల తరబడి ఉంటాయి.

వసంతంలో రూబార్బ్ వస్తుంది. కాడలు ముక్కలు కోసి పప్పులో వేస్తే క్షణాల్లో కరిగిపోతాయి. కాడ ఒక్కటే వాడాలి సుమా! ఆకులో ఆగ్జాలిక్ ఆమ్లం ఎక్కువ, అది విషం. ఆకుకూర కనపడితే వదలని జాతి మనది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

వసంతంలో రూబార్బ్, వేసవిలో గోంగూర, చలి మొదట్లో క్రాన్‌బెర్రీ. మన ఊళ్ళో చింతచిగురు, మామిడి, ఉసిరి వంతులవారీగా వచ్చేవి కదా, ఇక్కడా పులుపుకి ఋతువులున్నాయి.

ప్ర: పోపు వేసినప్పుడల్లా పొగ అలారం మోగుతుంది, పడుకున్న పసిపిల్ల లేస్తుంది. బ్యాటరీ తీసేద్దామని మావారు, గరాజ్‌లో గ్యాస్ పొయ్యి పెడదామని నేను. ఎవరిది రైటు?
– అపార్ట్‌మెంట్ తల్లి

జ: ఇద్దరిదీ తప్పే. అలారం గొంతు నొక్కకూడదు. గరాజ్‌లో గ్యాస్ పొయ్యి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, రంగుండదు. అలాంటి పొయ్యి పూర్తిగా ఆరుబయటే పెట్టుకోవాలి, అపార్ట్‌మెంట్ అయితే అక్కడి నిబంధన చూసుకోవాలి.

ముందు మీ పొయ్యి పైనున్న ఫ్యాన్ సంగతి చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో మైక్రోవేవ్ కిందుండే ఫ్యాన్ పొగని బయటికి పంపదు, జల్లెడ పట్టి మళ్ళీ మీ మొహం మీదికే వదులుతుంది. ఆ జల్లెడ కడిగి ఎన్నాళ్ళయింది? అలారం పొయ్యికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. వంట పొగకి ఊరికే అరవని ‘ఫొటోఎలక్ట్రిక్’ రకం పెట్టమని ఇంటివాళ్ళని అడగండి.

పోపులోనూ ఒక మెళకువ ఉంది. ఇక్కడి ఎలక్ట్రిక్ పొయ్యి కట్టేసినా వేడి దిగదు. ఆవాలు చిటపటలాడగానే గిన్నెని పొయ్యి మీంచి దింపేసి, అప్పుడు ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వెయ్యండి. ఆ వేడి చాలు. కోరు వచ్చేది మిరపకాయ మాడినప్పుడే.

ప్ర: అత్తగారు వచ్చే నెల భీమవరం నుంచి వస్తున్నారు. కరివేపాకు, ఆవకాయ, నాటుకోడి పచ్చడి సర్దుతున్నారట. పర్వాలేదా?
– కోడలు

జ: ఆవకాయకి స్వాగతం, లీకవకుండా కట్టించండి. పచ్చి కరివేపాకు వద్దు. నిమ్మ, నారింజ తోటలకి తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది, కాలిఫోర్నియాకి అది ప్రాణసంకటం. మొక్క కావాలంటే ఇక్కడి నర్సరీలోనే కొనుక్కోండి. కోడి పచ్చడినీ రానివ్వరు. ఏం తెచ్చారని అడిగితే తినేవన్నీ చెప్పేయమనండి. చెప్పినవాటిలో పనికిరానివి తీసుకుని పంపేస్తారు. దాచినవి దొరికితే జరిమానా. నాటుకోడి బెంగ మీదో మీవారిదో ఆమె వచ్చాక తీరుస్తారు లెండి.

ప్ర: మా మావగారు రాత్రి మిగిలిన అన్నం గిన్నెలోనే బయట ఉంచి పొద్దున పెరుగు వేసుకు తింటారు. ‘మా నాన్న తొంభయ్యేళ్ళు ఇలాగే బతికాడు’ అంటారు. నాకు భయం.
– పేరు రాయొద్దు

జ: మీ భయంలో న్యాయం ఉంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నంలో పెరిగి విషం విడుస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. రెండు గంటలలోపు అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి.

మీ మావగారి నాన్నగారి కాలంనాటి చద్దన్నం సంగతి కొంచెం వేరు. అందులో నీళ్ళు పోసి మజ్జిగ తోడు వేసేవారు. ఆ పులుపు కొంత కాపలా కాస్తుంది గానీ పూర్తి హామీ ఇవ్వదు. పిల్లలకీ గర్భిణులకీ వద్దు. మావగారితో వాదం పెట్టుకోకండి. రాత్రే అన్నంలో గోరువెచ్చని పాలు, పెరుగు కలిపి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున ఉల్లిపాయ నంజుకోడానికిచ్చి చూడండి. మాట నెగ్గేది మీది, తృప్తి ఆయనకి.

ప్ర: నేను పెట్టే ఫొటోలు చూసి ‘రాత్రి భోజనం డబ్బా పంపుతారా, డబ్బులిస్తాం’ అని ఆరు కుటుంబాలు అడుగుతున్నాయి. మన ఊళ్ళో కర్రీ పాయింట్లున్నట్టే కదా, మొదలెట్టనా?
– హెచ్-4 గృహిణి

జ: గరిట కన్నా ముందు కాగితాలు చూసుకోండి. మొదటిది వీసా. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు పని అనుమతి పత్రం, అదే ఈఏడీ, లేకుండా పనిచేసి డబ్బు సంపాదించకూడదు. 2015 నుంచి కొందరు హెచ్-4 జీవిత భాగస్వాములకి అది దొరుకుతోంది. మీకు ఉందా? లేకపోతే ఇక్కడే ఆగి లాయరుని అడగండి.

రెండోది వంటింటి చట్టం. కాలిఫోర్నియాలో రెండు దారులున్నాయి. 2013 నుంచి ఉన్న కాటేజ్ ఫుడ్ దారి ఫ్రిజ్ అక్కర్లేని సరుకులకి మాత్రమే. కారప్పొడిలాంటివి అమ్మాలంటే అనుమతించిన జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. పప్పు, కూర అందులోకి రావు. వేడి భోజనానికి 2018లో ఏబీ 626 చట్టం తెచ్చారు. ఇంటి వంటగదినే చిన్న హోటలుగా ఒప్పుకునే అనుమతి అది. తనిఖీ ఉంటుంది, వండిన రోజే పెట్టాలి, రోజుకి 30 భోజనాలు దాటకూడదు. వారానికి 60 అన్న హద్దుని 2023లో చేసిన సవరణతో 90కి పెంచారు. అయితే కౌంటీ ఒప్పుకున్నచోటే ఈ చట్టం పనిచేస్తుంది. కాబట్టి కాంట్రా కోస్టా కౌంటీ పర్యావరణ ఆరోగ్య విభాగానికి ఒక ఫోను చేసి, వాళ్ళ మాట ప్రకారం నడవండి.

మూడోది మీ మనసు. ఇవాళ మీరు సరదాగా వండుతున్నారు. డబ్బు చేతులు మారిన రోజు నుంచి జ్వరమొచ్చినా వండాలి, ‘ఇవాళ ఉప్పు ఎక్కువైంది’ అన్న మాట కబురు కాదు, ఫిర్యాదు. అది సమ్మతమైతేనే దిగండి. ఈలోగా ఆ ఆరు కుటుంబాలతో వంతులు పెట్టుకోవచ్చు: ఒక్కో రాత్రి ఒక్కో ఇల్లు అందరికీ కూర వండుతుంది. డబ్బు ఊసే ఉండదు, మీకు వారంలో ఆరు కూరలు ఊరికే వస్తాయి.

ప్ర: పక్కింట్లో చైనా నుంచి వచ్చిన పెద్దావిడ ఉంటారు. మొన్న కంచె మీదుగా గాజు డబ్బాలో డంప్లింగులు ఇచ్చారు. ఆమెకి ఇంగ్లీషు అంతంతమాత్రం. డబ్బా కడిగి పెట్టాను. ఎలా తిరిగివ్వాలో తెలీక పది రోజులయింది.
– కొత్తగా వచ్చినవాళ్ళం

జ: ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మీ అమ్మ చెప్పలేదూ? ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపేవాళ్ళు. మీకు తెలీకేం, పది రోజులుగా ఆ డబ్బా మిమ్మల్ని అడుగుతూనే ఉంటుంది.

ఆవకాయతో మాత్రం మొదలుపెట్టకండి. పులిహోర కలపండి, మిరపకాయలు నిలువునా వేస్తే ఏరుకోవచ్చు. లివర్‌మోర్ గుడికి వెళ్ళొచ్చిన ఏ పిల్లాడినడిగినా చెబుతాడు, పులిహోరకి పరిచయం అక్కర్లేదని. వేరుశనగపప్పు పడని వాళ్ళుంటారు కనుక ఈసారికి అది మానేసి శనగపప్పు, మినప్పప్పుతో సరిపెట్టండి. ఏమేం వేశారో చీటీ మీద రాసి మూతకి అంటించండి. చైనీస్‌లో రాసిపెట్టమంటే మీ ఫోనే రాసిపెడుతుంది.

కంచె మీదుగా చెయ్యి చాచేటప్పుడు ఆవిడ పొయ్యి వైపు చూపించి, కనుబొమ్మలు ఎగరేసి ‘ఇవాళ ఏం కూర?’ అని తెలుగులోనే అడగండి. ఆ ప్రశ్న అర్థం కాని ఆడది ఏ దేశంలోనూ ఉండదు. డబ్బా మళ్ళీ మీ ఇంటికొచ్చినప్పుడు అందులో ఏముందో నాకు రాయండి.