గుగ్గిళ్లు పెట్టండి, క్యాప్సూళ్లు ఆపండి

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి మూడు వారాలకోసారి ఇమ్యునోథెరపీ ఎక్కిస్తున్నారు. కీమో లేదు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఉంటే ఈ మందు బాగా పనిచేస్తుందని విని ప్రోబయాటిక్ క్యాప్సూళ్లు కొన్నాం. వేయొచ్చా? పెరుగు సంగతేంటి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: విన్నమాట నిజమేనమ్మా. క్యాప్సూళ్లే అనవసరంగా కొన్నారు.

క్యాన్సర్‌ని చంపగల టి-కణాలనే రక్షణ కణాలు నాన్నగారి ఒంట్లోనే ఉంటాయి. క్యాన్సర్ వాటిని గుంజకి కట్టేస్తుంది. ఈ మందు ఆ తాడు విప్పుతుంది. విప్పినంత మాత్రాన ఎద్దు దున్నదు కదా, తర్ఫీదు ఉండాలి. టి-కణాలకి తర్ఫీదు కొంత పేగు గోడ దగ్గర కూడా జరుగుతుంది. అక్కడి సూక్ష్మజీవులతో రోజూ ఎదురుపడుతూ ఎవరిని వదిలేయాలో, ఎవరిమీద పడాలో అవి నేర్చుకుంటాయి.

ఈ మందు మొదలుపెట్టే రోజుల్లో పంటికో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కో యాంటీబయాటిక్స్ వాడినవారిలో ఫలితం తగ్గిందని ఫ్రాన్స్ పరిశోధకులు 2018లో చూపించారు. 2021లో పిట్స్‌బర్గ్ వైద్యులు ఇంకో అడుగు వేశారు. మందు పనిచేసినవారి మలాన్ని, పనిచేయని 15 మంది మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగుల పేగుల్లోకి పంపి మళ్లీ ఇమ్యునోథెరపీ ఇచ్చారు. వినడానికి రోతే. కానీ ఆరుగురికి గుణం కనిపించింది.

మరి క్యాప్సూల్? పేగుల్లో వందల జాతులుంటే, సీసాలో ఉండేవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని. పేగుల్లోని ఆ జాతులకి మేత మనం తినే పీచే. హ్యూస్టన్‌లో మెలనోమా రోగుల్ని గమనిస్తే, రోజుకి 20 గ్రాముల పీచైనా తింటూ ప్రోబయాటిక్స్ జోలికి పోనివారిలోనే జబ్బు ఎక్కువకాలం అదుపులో ఉంది. ప్రోబయాటిక్స్ వేసిన ఎలుకల్లో కణుతులు ఇంకా పెరిగాయి. మనుషుల్లో ఇది రుజువైందని నేననను. అయినా డబ్బిచ్చి మరీ అనుమానాన్ని కొనుక్కోవడం ఎందుకు?

కప్పు తెల్లన్నంలో పీచు గ్రాము కూడా ఉండదు. కప్పు ఉడికించిన శనగల్లో 12 గ్రాముల దాకా ఉంటుంది. సాయంత్రం గుగ్గిళ్లు, ఓ జామకాయ, కాస్త అన్నం తగ్గించి గోరుచిక్కుడు కూర. ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా పెంచండి, లేకపోతే పొట్ట ఉబ్బుతుంది. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు నిక్షేపంగా పెట్టండి.

విరేచనాలు మొదలైతే మాత్రం మెడికల్ షాపులో మాత్ర అడక్కండి. తాడు విప్పిన ఎద్దు మన చేలోనే పడి మేయొచ్చు: టి-కణాలు పేగుమీదే దాడి చేయడం ఈ మందుకున్న దుష్ప్రభావాల్లో ఒకటి. అప్పుడు కావలసింది యాంటీబయాటిక్ కాకపోవచ్చు, స్టెరాయిడ్ కావచ్చు. అదేరోజు మీ క్యాన్సర్ డాక్టరుకి ఫోన్ చేయండి, రాత్రయినా సరే.