తమ్ముడి ఇంజెక్షన్ చెప్పిన ప్రోటీన్ పాఠం

ప్రోటీన్ అంటే మనకి గుర్తొచ్చేది మెస్‌లో ఆదివారం చికెన్, జిమ్‌లో షేకర్ డబ్బా. నాకూ అంతే, మా తమ్ముడికి టైప్ 1 డయాబెటిస్ అని తేలేదాకా.

అప్పుడు వాడు ఏడో తరగతి. కడుపు నిండా తింటున్నా చిక్కిపోతున్నాడు, బిందెడు నీళ్ళు తాగుతున్నాడు. ఎండలకేలే అనుకుని రెండు వారాలు ఊరుకున్నాం. రక్తపరీక్ష చేయిస్తే షుగర్ విపరీతంగా ఉంది. ఒంట్లో అంత చక్కెర ఉంటే మరి నీరసం ఎందుకు? ఆ ప్రశ్నే మెకానికల్ చదివే నన్ను బయాలజీ పుస్తకం తెరిపించింది.

20 రకాల అమైనో ఆమ్లాల్ని పూసల్లా గుచ్చిన దండ ప్రోటీన్. ఆ దండ మడతపడి ఒక ఆకారానికి వస్తుంది. ఆకారాన్ని బట్టే దాని ఉద్యోగం. తమ్ముడి ఇంజెక్షన్ వెంట వెళ్తే ఎన్ని ఉద్యోగాలో చూడండి.

కబురు మోసేది: ఇన్సులిన్. 51 అమైనో ఆమ్లాలే ఉన్న చిన్న ప్రోటీన్.

కబురు అందుకునేది: కణం పొర మీది రిసెప్టర్. ఇన్సులిన్ బయట అతుక్కోగానే దీని లోపలి భాగం పని మొదలెడుతుంది.

తలుపు: గ్లూట్4. కండర కణాల్లో చిన్న చిన్న సంచుల్లో దాగి ఉంటుంది. కబురు అందాక పొర మీదకొచ్చి గ్లూకోజ్‌ని లోపలికి వదులుతుంది. ఆ సంచులు నడిచే పట్టాలు కూడా ప్రోటీన్లే.

పనివాళ్ళు: ఎంజైములు. గ్లూకోజ్‌ని అంచెలంచెలుగా విడగొట్టి ఏటీపీ అనే ఇంధనం తీస్తాయి.

మోటారు: మయోసిన్. ఆ ఇంధనంతో యాక్టిన్ పోగుల్ని లాగుతుంది, కండరం కదులుతుంది.

మా వాడికి మొదటి మెట్టే లేదు. కాపలా కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని నాశనం చేసింది. కబురు లేదు కాబట్టి కండరాల్లో తలుపులు సరిగా తెరుచుకోలేదు. చక్కెర రక్తంలోనే ఉండిపోయింది.

"అన్నయ్యా, సూది బదులు మాత్ర ఉండదా?" అనేవాడు. ఇప్పుడైతే జవాబు తెలుసు. జీర్ణాశయంలోని పెప్సిన్ లాంటి ఎంజైములకి ఇన్సులిన్ అయినా కందిపప్పు అయినా ఒకటే. ప్రోటీన్ కనిపిస్తే కోసేస్తాయి.

1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి ఇన్సులిన్ ఇచ్చారు. ఈ జబ్బుకి మనిషి అందుకున్న మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ అదే. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్ళు కాదు. మా వాడు ఇప్పుడు సూది తనే వేసుకుని క్రికెట్‌కి పోతున్నాడు.

ఒక్క మాట. మీ ఇంట్లో పిల్లలెవరికైనా తెగ దాహం, మాటిమాటికీ మూత్రం, తింటున్నా బరువు తగ్గడం ఉంటే వెంటనే షుగర్ టెస్ట్ చేయించండి. మాలాగా రెండు వారాలు ఆగకండి.