కారు కంటే ముందు దారి చూసుకోండి

బీఎండబ్ల్యూ కొనాలనుందా? కొనండి. శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో పుట్టినవాళ్లు జర్మనీ బండి మీద మనసు పడకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. కాకపోతే షోరూంకి ఫోన్ చేసే ముందు 2016 నాటి సంగతొకటి చెప్పాలి.

రియో ఒలింపిక్స్ ముగిశాక ఆ ఆగస్టులో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో సచిన్ టెండూల్కర్ నలుగురికి బీఎండబ్ల్యూ తాళాలు అందించాడు. రజతం తెచ్చిన పి.వి.సింధు, ఆమె గురువు గోపీచంద్, కాంస్యం గెలిచిన సాక్షి మలిక్, 0.15 పాయింట్ల తేడాతో పతకం చేజారిన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్. కార్ల బహుమతి వెనకున్నది మన మాజీ క్రికెటర్ చాముండేశ్వరనాథ్. దీపది అగర్తలా. అప్పట్లో అక్కడ బీఎండబ్ల్యూ సర్వీస్ సెంటర్ లేదు, రోడ్లు ఇరుకు. రెండు నెలలు తిరక్కుండానే ఆ ఇంట్లో కారు వద్దనుకున్నారు. దానికి బదులు డబ్బు తీసుకుని హ్యుందాయ్ ఎలాంట్రా కొనుక్కున్నారు.

ఇంటికొచ్చిన లక్ష్మిని కాదన్నారని మీకు అనిపించొచ్చు. నాకైతే ఆ నలుగురిలో కారు గురించి సరిగ్గా ఆలోచించింది దీప ఇంట్లోవాళ్లే అనిపిస్తుంది. ఇది ఏ రోడ్డు మీద తిరగాలి? చెడితే ఎక్కడికి తీసుకెళ్లాలి? లక్షలు పోసి కొనేవాళ్లలో చాలామంది ఈ రెండూ అడగరు. రంగు అడుగుతారు, సన్‌రూఫ్ అడుగుతారు.

మన సంగతి చూద్దాం. పాతపట్నం నుంచి కంపెనీ సర్వీసుకి విశాఖ పోవాలి. నూట యాభై కిలోమీటర్ల పైమాటే. నరసన్నపేటలో హైవే ఎక్కాక బెంగ లేదు. అక్కడి నుంచి మీ గుమ్మం దాకానే కథంతా. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ దగ్గరకొచ్చేదాకా కనిపించదు. సెడాన్ కడుపు నేలకి దగ్గర. పైగా చాలా మోడళ్లలో స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి. గాలి పోయినా గంటకు 80 మించకుండా సుమారు 80 కిలోమీటర్లు నడవొచ్చంటారు. పాతపట్నంలో బయల్దేరితే శ్రీకాకుళం దాటుతారు, విశాఖ మాత్రం చేరరు. ఈ లెక్క బ్రోచర్‌లో ఉండదు, మీరే వేసుకోవాలి. డిక్కీలో చిన్న గాలి పంపు, పంక్చర్ కిట్ పెట్టుకుంటే సగం దిగులు తీరుతుంది.

ఇంతకీ మీకు నచ్చింది కారా, కారులో మీరు కనబడటమా? తెల్లవారుజామున ఎవరూ చూడని టెక్కలి రోడ్డు మీద స్టీరింగ్ తిప్పుతుంటే మనసు ఊగుతుందా? అయితే మీరు అభిమాని. పర్లాకిమిడి పెళ్లిలో మండపం ముందు ఆపడానికే అయితే, ఆ పూటకి అద్దెకు తెచ్చుకోండి. అందులో సిగ్గేమీ లేదు, ఈఎంఐ అంతకన్నా లేదు.

అభిమాని ఖర్చుకి భయపడడు, లెక్క తెలియకపోతే భయపడతాడు. ఈ బండ్లకి ఫలానా చోట నొప్పి అని ముందే తెలుసు. ఈ46 తరం త్రీ సిరీస్‌లో కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్‌ది. ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి పగులుతుంది. కారేదాకా ఆగకుండా ముందే మార్చేస్తారు తెలిసినవాళ్లు. ఎన్47 డీజిల్ ఇంజిన్లో టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాన్ని ముట్టుకోవాలంటే బండి సగం విప్పాలి. చైన్ ఖరీదు కంటే విప్పి బిగించే కూలి ఎక్కువ. బ్యాటరీ కూడా మార్చి వదిలేస్తే కాదు, కొత్తది పెట్టామని కారు కంప్యూటర్‌కి చెప్పాలి. లేకపోతే పాతదానికిచ్చినట్టే చార్జింగ్ ఇస్తుంది. ఈ ముక్క తెలిసిన మెకానిక్ విశాఖలో ఒకడు దొరికాడా? బండి కంటే ముందు అతని నంబరు రాసుకోండి. కంపెనీ వాళ్లు కాని స్పెషలిస్టులూ మంచివాళ్లు ఉంటారు. నాలుగు బళ్ల యజమానుల్ని అడిగితే పేరు తెలుస్తుంది.

కొత్తది అందదు, సెకండ్ హ్యాండే గతి అంటారా? మంచిదే. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను తిరగనివ్వొద్దని 2015లో హరిత ట్రైబ్యునల్ చెప్పింది. అప్పట్నుంచి అక్కడి పాత లగ్జరీ కార్లు చవగ్గా బయటికొస్తున్నాయి. ధర వినగానే నోరూరుతుంది. దానికి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్‌ట్యాక్స్, మళ్లీ రిజిస్ట్రేషన్, లారీ మీద తెచ్చే ఖర్చు కలపండి. ఆ పైన, వచ్చిన మొదటి నెలలోనే ఆయిళ్లు, టైర్లు, రబ్బరు పైపులు మార్చే డబ్బు విడిగా పెట్టుకోండి. అది మిగలకపోతే ఇంకో ఏడాది ఆగండి. ఆ ఏడాది పాత సర్వీసు బిల్లులు చదవడం నేర్చుకోండి. మీటర్‌లో అంకె మార్చినంత తేలిగ్గా వరస తప్పని బిల్లుల కట్టని పుట్టించలేరు.

బండి చూడ్డానికి వస్తున్నామని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, ఇంజిన్ చల్లగా ఉంచమని మరీ మరీ చెప్పండి. చైన్ గలగల వినబడితే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే వినబడుతుంది. మీరు వెళ్లేసరికి బానెట్ కాలుతోందా? వాళ్లిచ్చిన టీ తాగి వచ్చేయండి.